కాళహస్తి వ్రాతపని: వృత్తి, భక్తి, కళ

1

ఆంధ్రదేశ చరిత్రను పరిశోధించినవారు రాజవంశములను, శాసనములను, కవుల కాలములను నిర్ణయించుటయందు ఎంతో శ్రద్ధ వహించిరి. ఆలయశిల్పమును గూర్చియు, కుడ్యచిత్రములను గూర్చియు గణనీయమైన కృషి జరిగినది. కాని బట్టపై వ్రాసిన బొమ్మకు, వాకిట పెట్టిన ముగ్గునకు, పండుగనాడు పేర్చిన పూలకు మన చరిత్రగ్రంథములలో లభించిన చోటు స్వల్పము. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడి ఈ మార్గమును తెరచినది. అయినను ఆ మార్గమున నడచినవారు కొలదిమందియే.

ఇందుకు ఒక కారణము తేటతెల్లము. రాయి నిలుచును, బట్ట చినుగును, ముగ్గు మధ్యాహ్నమునకే చెరిగిపోవును. నిలువని వస్తువునకు చరిత్ర వ్రాయుట కష్టము. రెండవ కారణము ఇంతకంటె లోతైనది. ఇట్టి వస్తువులకు విలువ కట్టవలసివచ్చినపుడు ఏ కొలతను వాడవలెనో మనకు నిశ్చయము లేదు. ఇది వృత్తియా? పూజాద్రవ్యమా? కళయా? ఒక్కొక్కరు ఒక్కొక్క కొలతను చేపట్టిరి. తమ కొలతకు అందని దానిని విడిచిపెట్టిరి. ఈ వ్యాసమున మేము శ్రీకాళహస్తి వ్రాతపనిని ప్రధానోదాహరణముగా గైకొని, ఆ కొలతలలో ఏది దేనిని చూచినది, ఏది దేనిని చూడలేదు అను విషయమును విచారింప దలచితిమి.

2

మొదట 'కళ' అను మాటను గూర్చి కొంత చెప్పవలెను. నేడు కళ యనగా చిత్రము, శిల్పము, సంగీతము, నాట్యము మున్నగునవి మనస్సునకు తోచును. తక్కినవానిని చేతిపనులని వేరుచేయుదుము. ఈ విభాగము మన ప్రాచీనులకు తెలిసినది కాదు. వాత్స్యాయనుడు కామసూత్రములలో అరువదినాలుగు కళలను పేర్కొనెను. అందు ఆలేఖ్యము, అనగా చిత్రలేఖనము, ఒకటి. దానికి సమీపముననే 'తండులకుసుమబలివికారములు' అను కళ కలదు. బియ్యముతోను పూలతోను పూజార్థముగ ఆకృతులను కూర్చుట యని దాని భావము. దండలు గుచ్చుట, సూదిపని కూడ ఆ పట్టికలోనివే.

ఈ పట్టికనుండి రెండు విషయములు గ్రహింపవచ్చును. గృహకృత్యమునకును కళకును నడుమ అడ్డుగోడ లేదు. గోడపై చిత్రమును వ్రాసిన చేతికిని నేలపై బియ్యముతో ఆకృతిని కూర్చిన చేతికిని ఒకే పేరు చెల్లినది. ఇక 'బలి' యను మాట ఆ నిత్యకృత్యము దేవతార్పణముతో ముడిపడియున్నదని తెలుపుచున్నది. మన యిండ్లలో తెల్లవారుజామున కల్లాపి చల్లి పెట్టు ముగ్గు ఈ సంప్రదాయమునకు చెందినదే. ముగ్గు పెట్టు ఇల్లాలు దానిని నిలుపుకొనవలెనని కోరదు. అది నిన్న చెరిగినది గనుకనే నేడు మరల పెట్టవలసియున్నది. తెలంగాణమున తంగేడు, గునుగు మొదలగు పూలతో పేర్చు బతుకమ్మయు అట్టిదే. దినమంతయు శ్రమించి వరుసలు పేర్చి, చుట్టు తిరిగి పాడి, సాయంకాలము చెరువులో విడుతురు. అందు వస్తువు విలువ అది మిగులుటలో లేదు. చేయుటలోను, అర్పించుటలోను ఉన్నది. ఈ భేదమును మనస్సున నుంచుకొని కాళహస్తి వ్రాతపనిని పరిశీలింతము.

3

నేడు 'కలంకారి' యని ప్రసిద్ధమైన పనికి పూర్వము కాళహస్తి ప్రాంతమున 'వ్రాతపని' యని పేరు. కలంకారి యనునది పారసీక పదము. కలముతో చేయు పని యని అర్థము. గోలకొండ కుతుబుషాహీల పాలనలో (1518–1687) పారసీక సంపర్కము బలపడిన పిదప ఈ పేరు వ్యాపించినది. పేరు వెలుపలిదైనను పని ఇచ్చటిది. మచిలీపట్నమున చెక్క అచ్చులతో అద్దకము ప్రధానము. కాళహస్తిలో ఆద్యంతము కలముతో వ్రాయుటయే ప్రధానము.

ఈ కలము మనము కాగితముపై వ్రాయునది కాదు. మొన తీర్చిన వెదురుపుల్లకు పైభాగమున ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది రంగు మొనకు దిగును. ముతక నూలుబట్టను కరక్కాయ కలిపిన బఱ్ఱెపాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగు చెదరకుండ కాపాడును. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో మొదట బొమ్మను గీయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నివారములు పులియబెట్టగా వచ్చిన ద్రవము కలమునుండి బట్టపై పడినపుడు కరక్కాయ వగరుతో కలిసి నల్లబడును. ఎఱ్ఱరంగు రావలసినచోట పటికనీటిని పూసి, చిరివేరు మొదలగు వానితో ఉడుకబెట్టుదురు. పటిక తగిలినచోటనే ఎఱ్ఱదనము నిలుచును. కరకపువ్వునుండి పసుపు, నీలిమందునుండి నీలము లభించును. నడుమ నడుమ బట్టను పారు నీటిలో ఉదికి ఎండలో ఆరవేయవలెను. కాళహస్తి ప్రక్కన ప్రవహించు స్వర్ణముఖి ఇందుకు తోడ్పడినది.

ఈ వివరమును ఇంతగా చెప్పుటకు కారణము కలదు. పటికనీరు పూసినపుడు బట్టపై ఎఱుపు కనబడదు. తరువాత ఉడుకబెట్టినపుడే వెలువడును. కాబట్టి వ్రాయువాడు కంటికి కనబడని రంగును మనస్సులో చూచుచు వ్రాయవలెను. ఇది కేవలము రసాయనజ్ఞానము కాదు, కేవలము చిత్రకల్పనయు కాదు. రెండును ఒకే చేతిలో నున్నవి. వృత్తి యని తీసివేయుటకుగాని, కళ యని విడదీయుటకుగాని ఇందు వీలులేదు.

4

ఈ విద్యను మొదట బాహ్యప్రపంచము కొలిచినది సరకుగా. 17వ శతాబ్ది తొలి దశకమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్నమున వర్తకస్థానములను ఏర్పరచుకొనిరి. రంగు వెలియని తెలుగుబట్ట పారసీక దేశమునకును, తూర్పు దీవులకును, ఐరోపాకును ఎగుమతియైనది. ఐరోపా నేతగాండ్రకును వర్తకులకును ఇది గొప్ప పోటీయయ్యెను. ఫ్రాన్సు 1686లో ఇట్టి బట్టలను నిషేధించినది. ఇంగ్లండు 1700 నాటి చట్టముతో రంగువేసిన భారతీయవస్త్రములను స్వదేశవినియోగమునకు రాకుండ ఆపి, 1721లో అద్దకపు నూలుబట్టలను కట్టుకొనుటనే చాలవరకు నిషేధించినది. ఒక దేశపు పనివారి నేర్పును వేరొకదేశము చట్టములు చేసి అడ్డగింపవలసివచ్చుట ఆ నేర్పునకు లభించిన ఒక విధమైన గుర్తింపే.

ఇదే కాలమున ఐరోపావారు ఆ నేర్పును తెలిసికొన యత్నించిరి. సంస్కృతమునకును లాటిన్, గ్రీకు భాషలకును గల సంబంధమును గుర్తించినవాడుగా భాషాశాస్త్రజ్ఞులకు పరిచితుడైన జెస్యూటు మతాచార్యుడు కూర్దూ తెలుగు నేర్చినవాడు. ఆయన 1742లో వ్రాసిన లేఖయందు బట్టలకు రంగువేయు క్రమమును సవిస్తరముగ వర్ణించెను. ఆ పనిచేయువారిలో క్రైస్తవమతమును స్వీకరించినవారిని అడిగి ఆయన ఈ విషయములను సేకరించెను. మన పనివారి పద్ధతులకు ఇట్టి లిఖితసాక్ష్యము దొరకుట మన అదృష్టము. అయినను ఆ లేఖ కోరినది విధానమును. ఆ బట్టపై నేమి వ్రాయుదురు, ఎవరికొరకు వ్రాయుదురు, వ్రాయుటను వారేమని తలతురు అను ప్రశ్నలు వర్తకమునకు అవసరములేనివి. సరకు అను కొలతకు పనితనము అందినది. పని యొక్క ప్రయోజనము అందలేదు.

5

రెండవ కొలత ఆలయమునది. కాళహస్తి పటములు గుడులలో తెరలుగను, దేవతల వెనుక వ్రేలాడు వస్త్రములుగను ఉపయోగపడినవి. పటము నడుమ పెద్దబొమ్మ యుండును. శ్రీరామపట్టాభిషేకము వంటి ఘట్టము దానికి తగినది. చుట్టును వరుసలుగా కథ సాగును. ప్రతి వరుసకును ఘట్టమును తెలుపు తెలుగు వ్రాత యుండును. ఇట్లు వరుసలుగా కథను నడుపుట లేపాక్షి వీరభద్రాలయపు కప్పుచిత్రములందును కలదు. 16వ శతాబ్ది నాటి ఆ చిత్రములలోని స్త్రీపురుషుల వస్త్రములపై గల రకరకముల అంచులును పువ్వులును ఆనాటి బట్టలపనికి సాక్ష్యములు. చదువువచ్చినవాడు పటములోని అక్షరములను చదివెను. రానివాడు బొమ్మను చూచి కథ నెరిగెను. పురాణకాలక్షేపము చెవికి చేసినపనిని పటము కంటికి చేసినది.

ఆలయము ఈ పనిని ఏ దృష్టితో చూచినదో తెలియుటకు కాళహస్తి స్థలకథకంటె మంచి ఆధారము లేదు. 'శ్రీ' యనగా సాలెపురుగు, 'కాళ' మనగా పాము, 'హస్తి' యనగా ఏనుగు. ఈ మూడును శివుని సేవించి ముక్తినొందినవని ప్రసిద్ధి. 16వ శతాబ్దికి చెందిన ధూర్జటి తన 'శ్రీకాళహస్తిమాహాత్మ్యము'న ఈ కథను విస్తరించెను. సాలెపురుగు తన కడుపులోని దారముతో లింగమునకు గుడి కట్టును. మండపములు, ప్రాకారములు, గోపురములు అన్నియు దారముతోనే. శివుడు పరీక్షింపదలచి దీపజ్వాలచే దానిని దహింపజేయును. పురుగు ఆ జ్వాలనే మ్రింగబోవును.

ఈ కథను భక్తికథగా మాత్రమే చదువుట వాడుక. వృత్తిచరిత్రకును ఇది ఆధారమని మా అభిప్రాయము. సాలెపురుగు పూజాద్రవ్యమును వేరొకచోటినుండి తేలేదు. తన బ్రతుకుతెరువైన దారమునే పూజగా మార్చినది. ఏ దారముతో అది ఆహారమును పట్టునో ఆ దారమే గుడియైనది. నూలును, రంగును, కలమును నమ్ముకొని బ్రతికిన ఊరిలో ఈ కథ తరతరములుగ వినబడుచుండుట గమనింపదగినది. వ్రాతపనివారు దీనిని తమ కథగా చెప్పుకొనిరని మేము అనుట లేదు. వారి పనిని చూచిన సమాజము ఏ భావముల నడుమ దానిని చూచినదో తెలుపుటకు మాత్రమే దీనిని ఉదాహరించుచున్నాము.

అదే గ్రంథమునందును, అంతకు పూర్వము పాల్కురికి సోమనాథుని 'బసవపురాణము'నందును గల కన్నప్పకథ ఇంకొక అడుగు ముందుకు వేయును. బోయవాడు తాను తినునట్టి మాంసమునే, తనకు తెలిసిన పద్ధతిలోనే సమర్పించెను. శాస్త్రము నెరిగిన అర్చకునకు అది అపచారమైనది. చివరకు ఇద్దరిలో ఎవరి పూజ గొప్పదో కన్నప్ప తన కన్నిచ్చి నిరూపించెను. నిత్యజీవితమునందలి వస్తువు నిత్యజీవితమునందలి చేతితో ఇచ్చినను అర్పణమగునని ఈ కథ చాటుచున్నది. అట్లని పనితనమును నిర్లక్ష్యము చేయుమని దీని తాత్పర్యము కాదు. సాలెపురుగు గుడిలో ప్రాకారగోపురములు సక్రమముగ నున్నవి. అది నేర్పుతో కట్టిన గుడి. కాలుటకు సిద్ధమైన గుడి కూడ నేర్పుతోనే కట్టబడవలెనన్నది ఈ కథలోని సూక్ష్మము.

6

భక్తియను కొలత ఎంతవరకు పోవునో చూడవలెనన్నచో కాళహస్తినుండి తెలంగాణమునకు పోవలెను. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులకు ప్రసిద్ధము. చింతగింజల అంబలి, సుద్ద మున్నగువానితో గట్టిపరచిన బట్టపై, ఎఱ్ఱని నేపథ్యమున, వారు వ్రాయు పటములు పలుగజముల పొడవుండును. ఇవి గుడిలో వ్రేలాడదీయునవి కావు. కథకుడు చుట్ట విప్పుచు కథ చెప్పుటకైనవి. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము, దానిని చెప్పు ఒక్కొక్క ఆశ్రితకులము కలదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథలను చెప్పుదురు.

ఈ సంప్రదాయమున పటము జీవముగల వస్తువు. క్రొత్తపటము పూజతో కథకుల చేతికి వచ్చును. వాడి వాడి శిథిలమైన పటమును పారవేయరు. తగిన సంస్కారముతో నదిలో విడుతురు. ఈ ఆచారమువలననే పురాతన పటములు మనకు అరుదుగ దొరకుచున్నవి. పరిశోధకునకు ఇది నష్టము. కాని ఆ పటమును కొలిచినవారి దృష్టిలో దానికి దక్కిన గౌరవము ప్రదర్శనశాలలో దొరకు గౌరవముకంటె తక్కువది కాదు. బతుకమ్మను చెరువులో విడిచిన భావమే ఇచ్చటను ఉన్నది. పని ముగిసినది, వస్తువు ఋణము తీరినది.

7

ఇంతవరకు చెప్పినదానిని బట్టి సరకు అను కొలత సంకుచితమనియు, భక్తి యను కొలత సంపూర్ణమనియు తోచవచ్చును. అట్లు తేల్చుట చరిత్రకు న్యాయము కాదు. భక్తి పనికి అర్థము నిచ్చినది. పనివానికి జీవనభద్రతను ఇచ్చినదా? కథలు చెప్పి పటములను కాపాడిన డక్కలివారు సమాజమున అట్టడుగున, అంటరానితనమునకు గురియై జీవించిరి. పటము పూజ్యమైనది, దానిని మోసినవాడు పూజ్యుడు కాలేదు. పనిని అర్పణముగ భావించినచోట పనివాని పేరు అప్రధానమగుట సహజము. కాని పేరుతోపాటు అతని కూలియు అప్రధానమైనది.

19వ శతాబ్దిలో యంత్రముపై అచ్చువేసిన విదేశీవస్త్రము చవకగా వచ్చినది. 1869 ప్రాంతమున కృత్రిమమైన ఎఱ్ఱరంగును, 1897లో కృత్రిమమైన నీలిమందును విపణికి వచ్చినవి. 1948 నాటి మద్రాసు చట్టముచే జమీందారీలు రద్దయి, పటములు వ్రాయించు పోషకులును తగ్గిరి. గుడులు ఉన్నవి, పూజలు జరుగుచున్నవి, కాని వ్రాతపని క్షీణించినది. భక్తియొక్కటియే ఒక వృత్తిని నిలుపగలిగినచో కాళహస్తి వంటి క్షేత్రమున అది క్షీణింపవలసిన పని లేదు. ఈ ప్రశ్నను తప్పించుకొని వ్రాతపని చరిత్రను వ్రాయరాదు.

దానిని మరల నిలిపినది మూడవ కొలత. అనగా, దానిని కళగా గుర్తించుట. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళామండలి, కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికతో, 1950ల చివర కాళహస్తిలో శిక్షణకేంద్రమును స్థాపింపజేసినది. మిగిలియున్న కొలదిమంది పెద్దలనుండి క్రొత్తవారు నేర్చిరి. 1949లో అహమ్మదాబాదున నెలకొల్పబడిన కాలికో వస్త్రప్రదర్శనశాల మొదలగు సంస్థలు పాతపటములను సేకరించి కాపాడినవి. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తరతరములుగ పేరులేక సాగిన పనికి ఇట్లు పేరు వచ్చినది. ఈ మార్పును స్వాగతింపవలెను. పూర్వము ఉన్నదంతయు పవిత్రము, ఇప్పటిదంతయు వ్యాపారము అను మాట కూలి లెక్క తెలియనివారి మాట.

అయినను మూడవ కొలతకును లోపము కలదు. ప్రదర్శనశాల వస్తువును చూపును. అది చేయబడిన విధమును, ఎదుట జరిగిన దీపారాధనను, ఆ వరుసలను వ్రేలితో చూపుచు పిల్లలకు కథ చెప్పిన ముసలమ్మను చూపలేదు. పటమును గోడకు తగిలించి అద్దములో బిగించినపుడు దాని ఆయుర్దాయము పెరుగును. అది చేయుపని మాత్రము ఆగిపోవును. ఇంతేకాక, ఈ కొలత నిలిచిన వస్తువులను మాత్రమే తూచగలదు. ముగ్గును, బతుకమ్మను ఏ ప్రదర్శనశాలలో నుంచగలము?

8

ఈ విచారణనుండి మాకు తోచిన నిర్ణయమిది. సరకు పనితనమును చూచినది, అర్పణ ప్రయోజనమును చూచినది, కళ వస్తువును చూచినది. మూడును పనిచేసిన దినమును చూడలేదు. పాలు, కరక్కాయ కలిపి బట్టను ముంచిన ఉదయమును, నదిలో నడుములోతు నీటిలో నిలిచి ఉదికిన మధ్యాహ్నమును, రంగు కనబడకున్నను నమ్మి గీచిన గీతను చరిత్రకారుడు లెక్కకు తీసికొనవలెను. దేవునిపై విశ్వాసము వేరు, ఇట్టి పనిలోని విశ్వాసము వేరు అని విడదీయుట సులభము. కాని ఉడుకబెట్టిన పిమ్మటగాని వెలువడని ఎఱుపును నమ్మి పటికనీటితో గీయువాడు ఆ రెంటిని విడదీసెనని మేము నమ్మజాలము.

కావున పరిశోధక విద్యార్థులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. కాళహస్తి పటములందలి తెలుగు వ్రాతలను సేకరించి, వాని భాషను, వర్ణక్రమమును, కథాభేదములను పరిశీలింపవలెను. అవి శాసనములవలెనే భాషాచరిత్రకు ఆధారములు. లండనులోని విక్టోరియా–ఆల్బర్టు ప్రదర్శనశాల మొదలు మన నగరములలోని ప్రదర్శనశాలలవరకు చెదరియున్న పటములకు ఒక సమగ్రమైన పట్టికను కూర్చవలెను. రంగుల పేర్లు, పనిముట్ల పేర్లు, పని దశల పేర్లు పనివారి నోటనే విని వ్రాసికొనవలెను. వృత్తిపదములు ఒక తరముతో పోయినచో మరల దొరకవు. ఇక ముగ్గు పెట్టు తల్లిని, బతుకమ్మ పేర్చు పడతిని కూడ ప్రశ్నింపవలెను. వారి సమాధానము చాలవరకు "మా అమ్మ పెట్టినట్లే పెట్టితిని" అని యుండును. దానిని సామాన్యమని విడిచిపెట్టరాదు. సంప్రదాయమునకు అంతకంటె సూటియైన నిర్వచనము మాకు ఇంతవరకు దొరకలేదు.

కాళహస్తి కథలో సాలెపురుగు గుడి కాలిపోయినది. దానిని కట్టిన పురుగు పేరు క్షేత్రనామమున మొదటి అక్షరమై నిలిచినది. మన పనివారి విషయమున ఇది తలక్రిందులైనది. వారు చేసినవానిలో కొన్ని నిలిచినవి. వారి పేర్లు నిలువలేదు. ఆ పేర్లను అన్నిటిని తిరిగి తేలేము. వారి పనిని వారు చేసినట్లుగా తెలిసికొని వ్రాయుట మాత్రము మన చేతిలోని పని.